18 పిల్లలు పెట్టిన పంది కూతురు ఎన్ని పెడుతుంది?

మందలో ఈతకు సగటున 13 పిల్లలు పుడుతున్నాయి. ఒక ఆడపంది ఒకే ఈతలో 18 పెట్టింది. దాని ఆడపిల్లలను తల్లులుగా పెంచితే ఈతకు ఎన్ని పిల్లలు ఎక్కువ రావచ్చు? రెండో మూడో అని చాలామంది అనుకుంటారు. లెక్క కడితే వచ్చేది పావు పిల్ల.

తల్లి సగటు కంటే 5 ఎక్కువ పెట్టింది. ఈతకు పుట్టే పిల్లల సంఖ్యకు వంశపారంపర్యత, అంటే హెరిటబిలిటీ, 0.10 దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ 5 పిల్లల్లో జన్యువుల ఘనతగా లెక్కేసుకోదగ్గది 0.5 పిల్ల. తల్లి జన్యువుల్లో కూతురికి చేరేది సగం గనుక కూతురి వాటా 0.25. తండ్రి ఆ మందలో సగటు మగపంది అయితే, అలాంటి నాలుగు కూతుళ్ల ఈతలన్నీ కలిపి చూసినా ఎక్కువగా కనిపించేది ఒక్క పిల్ల.

మిగతా నాలుగున్నర పిల్లలు తల్లి అదృష్టం, పెంచినవాళ్ల చలవ. ఎద సరిగ్గా పట్టుకుని వీర్యం వేళకు వేశారు, అంతకుముందు ఈతలో పంది పెద్దగా చిక్కిపోలేదు, ఎండలు మరీ ముదరలేదు, జబ్బులేవీ తగల్లేదు. ఇవేవీ కూతురికి వారసత్వంగా వెళ్లవు.

అందుకే ఒక్క పెద్ద ఈత చూసి ముచ్చటపడి ఎంపిక చేసే పద్ధతి ఎన్నేళ్లు సాగినా మంద ఉన్నచోటే ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఐఎన్‌ఆర్‌ఏ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పరిశోధకులు 1960ల్లో మొదలుపెట్టిన ప్రయోగం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఒక చిన్న మందలో తల్లుల ఈతల లెక్క చూసి కూతుళ్లను ఎంచుకుంటూ 10 తరాలు నడిపారు. చివరికి గట్టిగా చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ఈ లక్షణాన్ని ఎంపికతో మెరుగుపరచలేం, సంకరం ఒక్కటే దారి అనే మాట ఆ రోజుల్లో స్థిరపడిపోయింది. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో తెలిస్తే ఈ విషయంలో సగం అర్థమైనట్టే.

తక్కువ వారసత్వం అంటే తక్కువ తేడా కాదు

వంశపారంపర్యత ఒక నిష్పత్తి. పందికీ పందికీ మధ్య కనిపించే మొత్తం తేడాలో జన్యువుల వల్ల వచ్చేది ఎంత భాగమో అది చెబుతుంది. జన్యుపరమైన తేడా అసలు పరిమాణం ఎంతో అది చెప్పదు. ఈతకు పిల్లల సంఖ్యలో ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ జరిగే దూరం, సుమారు 2.8 పిల్లలు. అందులో జన్యు భాగం లెక్కిస్తే దాదాపు 0.9 పిల్ల వస్తుంది. 13 సగటు మీద అది 7 శాతం. రోజువారీ బరువు పెరుగుదలకు వంశపారంపర్యత 0.3 దాకా ఉన్నా, దాని జన్యు విచలనం సగటులో 5, 6 శాతం దగ్గరే ఉంటుంది. అంటే పిల్లల సంఖ్యలో జన్యువుల తేడాకు కొదవ లేదు. దాన్ని కప్పేస్తున్న గోల ఎక్కువ, అంతే.

గోల తగ్గించాలంటే సమాచారం పెంచాలి. అదే 18 సగటును ఒక పంది మూడు ఈతల్లోనూ నిలబెట్టుకుంటే, ఈతకూ ఈతకూ పోలిక 0.15 అనుకుని లెక్కిస్తే, దాని ప్రజనన విలువ (జన్యువుల ఘనత) అంచనా 0.5 నుంచి 1.15కు పెరుగుతుంది. అంచనా ఖచ్చితత్వం (1 అయితే పూర్తి ఖచ్చితం) ఒక ఈతతో 0.32, మూడు ఈతలతో 0.48, ఐదు ఈతలతో 0.56. కానీ ఐదో ఈత దాకా ఆగితే తరం ఆలస్యమైపోతుంది, ఈలోగా చాలా తల్లులు మందలోంచి వెళ్లిపోతాయి. మగపంది వైపు నుంచి వస్తే దారి వేరు. 40 మంది కూతుళ్ల మొదటి ఈతలు చేతికి వస్తే తండ్రి అంచనా ఖచ్చితత్వం 0.7 దాటుతుంది, 100 మంది అయితే 0.85 దగ్గరకు చేరుతుంది. తాను ఒక్క పిల్లనూ ఈనని మగపంది గురించే అందరికంటే నమ్మకంగా చెప్పగలగడం ఈ లెక్కలోని తమాషా.

ఫ్రాన్స్‌లోనే 1970ల్లో ఇదే ఆలోచనను ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. ఒక చిన్న మందలో వెతకడం మానేసి, దేశమంతా నమోదైన వేలాది ఆడపందుల్లోంచి వరుస ఈతల్లో అసాధారణంగా పిల్లలు పెట్టిన కొద్దింటిని ఏరారు. వాటి కొడుకులను మళ్లీ అలాంటి తల్లులతోనే కలుపుతూ పోయారు. అధిక సంతాన వంశాలు అలా పుట్టాయి. వేలల్లోంచి కొద్దిమందిని ఏరితే ఎంపిక తీవ్రత (ఎంచినవి సగటు కంటే ఎంత పైన ఉన్నాయో చెప్పే కొలత) ఎక్కువ, ఎక్కువ ఈతలు చూస్తే ఖచ్చితత్వమూ ఎక్కువ. చిన్న మందలో ఈ రెండూ లేవు. తర్వాత బ్లప్ అనే గణాంక పద్ధతి వచ్చి తల్లి, తండ్రి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు అందరి రికార్డులనూ ఒకే సమీకరణంలో వేసింది. మంద, రుతువు, ఎన్నో ఈత అనే ప్రభావాలను పక్కకు తీసేసింది. ఖచ్చితత్వం 0.5, అత్యుత్తమ 20 శాతాన్ని ఎంచితే తీవ్రత 1.4, జన్యు విచలనం 0.9. ఈ మూడూ గుణిస్తే తరానికి 0.6 పిల్ల. ఎంపిక బలమంతా ఈ ఒక్క లక్షణం మీదే పెడితేనే అంత వస్తుంది. నిజంగా ఎవరూ అలా పెట్టరు. మాంసం, మేత, కాళ్లు అన్నీ ఎంపిక సూచికలో, అంటే లక్షణాలన్నిటికీ కలిపి వేసే మార్కుల్లో, వాటా అడుగుతాయి.

జినోమిక్ ఎంపిక ఎక్కువగా కలిసొచ్చింది ఇలాంటి లక్షణాలకే. ఒకే ఈతలో పుట్టిన నాలుగు అక్కచెల్లెళ్లకు, వాటికి సొంత రికార్డు లేనంతవరకు, వంశవృక్షం ఇచ్చే అంచనా ఒక్కటే: తల్లిదండ్రుల సగటు. కానీ జన్యు వైవిధ్యంలో సగం ఆ అక్కచెల్లెళ్ల మధ్యనే ఉంటుంది. పై లెక్కనే తీసుకుంటే వాటి మధ్య విచలనం 0.6 పిల్లకు పైనే. చెవి నుంచి తీసిన చిటికెడు కణజాలంతో వేలాది ఎస్‌ఎన్‌పీ గుర్తులు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు) చదివితే, ఇంకా ఎదకు కూడా రాని వయసులోనే నలుగురిలో ఎవరికి తల్లిదండ్రుల మంచి వాటా దక్కిందో తెలుస్తుంది. లక్షణం ఆడవాటిలోనే బయటపడేది, ఆలస్యంగా కనిపించేది, వంశపారంపర్యత తక్కువది అయితే పాత పద్ధతికి చేతులు కట్టేసినట్టే. కొత్త పద్ధతి ఆ మూడు కట్లనూ కొంత సడలిస్తుంది. అయితే గుర్తులకు విలువ కట్టేది ఈతల రికార్డులతోనే. రికార్డు చెత్తగా ఉంటే గుర్తులు చదివే చిప్ దాన్ని బాగుచేయదు.

రికార్డు ఎలా పాడవుతుందో ఇక్కడే చెప్పుకోవాలి. చచ్చి పుట్టినవాటినీ, ఎండిపోయి మమ్మీల్లా వచ్చిన పిండాలనూ రాయకుండా బతికినవాటినే లెక్కపెడితే, మొత్తం పుట్టినవాటికీ బతుకుదలకూ తేడా చెరిగిపోతుంది. రెండు మగపందుల వీర్యం కలిపి వేస్తే తండ్రి ఎవరో డీఎన్‌ఏ పరీక్షకు గానీ తెలియదు. పిల్లలను ఒక తల్లి దగ్గర నుంచి ఇంకో తల్లి దగ్గరికి మార్చాక చెవి గుర్తులు వేస్తే, కన్నతల్లి ఘనత పెంపుడు తల్లి ఖాతాలో పడుతుంది. గుర్తు ముందు, మార్పిడి తర్వాత. తొలి ఈతను, నాలుగో ఈతను ఒకే గీటుతో కొలవకూడదు. సంఖ్య తొలి ఈతలో తక్కువగా ఉండి మూడు నుంచి ఐదో ఈత మధ్య గరిష్ఠానికి చేరి తర్వాత జారుతుంది. పైగా తొలి ఈతకూ తర్వాతి ఈతలకూ జన్యు సహసంబంధం (రెండిటినీ ఒకే జన్యువులు ఎంతవరకు నడుపుతాయో చెప్పే అంకె) 1 కంటే తక్కువే. అందుకే చాలా కార్యక్రమాలు వాటిని రెండు వేర్వేరు లక్షణాలుగా చూస్తాయి.

ఇంకో చిక్కు మరీ విచిత్రమైనది. పెద్ద ఈతలో పుట్టి పెరిగిన ఆడపిల్లకు పాలు తక్కువ దక్కుతాయి, ఎదుగుదల తగ్గుతుంది, పెద్దయ్యాక అది పెట్టే పిల్లలూ తగ్గుతాయి. మంచి జన్యువులు ఇచ్చిన తల్లే, ఎక్కువ మందిని కని కూతురికి అననుకూలమైన పెంపకం ఇస్తోంది. తల్లీకూతుళ్లను పోల్చి లెక్కించే వంశపారంపర్యత తక్కువగా రావడానికి ఇదొక కారణమని రెవెల్, రాబిసన్ అనే పరిశోధకులు 1973లోనే చూపించారు. దీనికి మందు సులువే. ముర్రుపాలు తాగాక, పుట్టిన 12 నుంచి 24 గంటల మధ్య ఈతలను సమం చేసి, తల్లులుగా ఉంచుకోబోయే ఆడపిల్లలు ఒక్కో తల్లి దగ్గర 10కి మించకుండా పెరిగేలా చూడాలి. ఎంపికకు నిలబెట్టే ఆడపిల్ల తన ఈతలో అన్నిటికంటే చిన్నది కాకూడదన్న పాత జాగ్రత్త కూడా ఇందులోంచి వచ్చిందే.

గొలుసులో ఒక కొక్కెం లాగితే

పిల్లల సంఖ్య ఒక లక్షణం కాదు, నాలుగైదు లక్షణాల చివర తేలే లెక్క. ఎన్ని అండాలు విడుదలయ్యాయి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, మొదటి నెల ఎన్ని పిండాలు నిలిచాయి, గర్భసంచి ఎన్నింటిని చివరిదాకా మోయగలిగింది, ఈనేటప్పుడు ఎన్ని బతికాయి. మూలానికి దగ్గరగా కొలిచేవాటికి వంశపారంపర్యత ఎక్కువ: అండాల సంఖ్యకు 0.3, తొలిసారి ఎదకు వచ్చే వయసుకు దాదాపు అంతే, చూడికాలం నిడివికీ అంతే. పాలు మాన్పించాక మళ్లీ ఎదకు రావడానికి పట్టే రోజులకు 0.2 లేదా ఇంకా తక్కువ. చివరికి వచ్చేసరికి పిల్లల సంఖ్యకు 0.10, పిల్లల బతుకుదలకు 0.05 ప్రాంతం. ప్రతి మెట్టు దగ్గరా కొంత యాదృచ్ఛికత చేరుతుంది కదా.

మరి 0.3 ఉన్న అండాల సంఖ్యనే పట్టుకుని పెంచితే పోదా? నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 1960ల చివర సరిగ్గా అదే చేశారు. ప్రతి పడుచు పందికి శస్త్రచికిత్స చేసి, అండం విడుదలైన చోట మిగిలే బొడిపెలను, అంటే కార్పస్ ల్యూటియంలను, అండాశయం మీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఎంపిక చేశారు. 9 తరాల్లో అండాల సంఖ్య మూడున్నరకు పైగా పెరిగింది. పుట్టిన పిల్లలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా నిండా పెరగలేదు. ఎక్కువగా విడుదలైన అండాల్లో చాలా భాగం పిండాలై దారిలోనే రాలిపోయాయి. తర్వాత అక్కడే అండాల సంఖ్యనూ పిండాల బతుకుదలనూ కలిపి సూచికగా వాడాకే పిల్లల సంఖ్య కదిలింది.

ఆ రాలిపోవడం ఎక్కడ జరుగుతుందో దగ్గరగా చూడాలి. పందిలో ఫలదీకరణ సమస్య చాలా అరుదు, వేళకు వీర్యం పడితే 90 శాతానికి పైగా అండాలు ఫలిస్తాయి. 11, 12 రోజుల వయసులో పిండం ఒక సెంటీమీటరు గుండ్రటి ముద్దగా ఉంటుంది. అక్కడి నుంచి కొన్ని గంటల్లోనే దారంలా సాగి 10 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడే ఈస్ట్రోజెన్ విడుదల చేసి, నేనున్నానని తల్లికి కబురు పంపుతుంది. ఆ కబురుతో గర్భసంచిలోని స్రావాలు మారిపోతాయి. ముందు సాగిన పిండాలకు ఆ మార్పు అనుకూలం, ఒక్క పూట వెనకబడ్డ తోబుట్టువులకు అదే శత్రువు. అందుకే అండాలన్నీ దగ్గరదగ్గరగా విడుదల కావడం వాటి సంఖ్య పెరగడమంత ముఖ్యం. నెల తిరిగేలోపు 20 నుంచి 30 శాతం పిండాలు పోతాయి. ఆ తర్వాత గర్భసంచి చోటు కోసం పోటీ. సుమారు 35 రోజుల లోపు చనిపోయిన పిండం కరిగిపోయి ఆనవాలు మిగలదు, ఎముక గట్టిపడ్డాక చనిపోతే మమ్మీగా బయటికి వస్తుంది. కాబట్టి ఈనిన చోట కనిపించే మమ్మీల సైజు, నష్టం ఏ దశలో జరిగిందో చెప్పే గడియారం.

చైనాలోని తైహు సరస్సు ప్రాంతపు మీషాన్ పంది ఈ గొలుసునంతా మరోలా నడుపుతుంది. మూడు నెలల వయసుకే ఎదకు వస్తుంది, ఈతకు 14 నుంచి 16 పిల్లలు పెడుతుంది. యూరప్ లార్జ్ వైట్ జాతి కంటే అప్పట్లో అది మూడు నాలుగు పిల్లలు ఎక్కువ. ఫ్రాన్స్ 1979లో, అమెరికా 1989లో వీటిని తెప్పించుకుని పరీక్షించాయి. అదే వయసు లార్జ్ వైట్‌తో పోల్చితే తేడా అంతా అండాల్లో లేదు, చాలా భాగం పిండాలు నిలవడంలో ఉందని తేలింది. మీషాన్ పిండం నెమ్మదిగా పెరుగుతుంది, మావి చిన్నగా ఉండి రక్తనాళాలు ఒత్తుగా ఉంటాయి. ఒక్కో పిండం తక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక అదే గర్భసంచిలో ఎక్కువ మంది పడతారు. ఇంత మంచి జంతువును నేరుగా వాడుకోలేకపోవడానికి కారణం దాని ఒళ్లు: కొవ్వు ఎక్కువ, ఎదుగుదల నెమ్మది. కలిపిన సంకరంలో పిల్లలు పెరిగినా మాంసం లెక్క తప్పేది. అందుకే కొన్ని సంస్థలు దాన్ని పలు జాతులు కలిపి తయారుచేసిన కృత్రిమ వంశాల్లో కొంత వాటాగా మాత్రమే కలుపుకున్నాయి.

పెరిగిన సంఖ్య, తగ్గిన బరువు

బ్లప్‌తో సంఖ్య నిజంగానే పెరగడం మొదలయ్యాక అసలు ఇబ్బంది ఎదురైంది. ఈతలో ఒక్కో పిల్ల అదనంగా చేరేకొద్దీ సగటు పుట్టుక బరువు సుమారు 35 గ్రాములు తగ్గుతుంది. ఫ్రాన్స్ లెక్కల్లో 11 లేదా తక్కువ పిల్లలున్న ఈతలో సగటు 1.59 కిలోలు ఉంటే, 16 లేదా ఎక్కువ ఉన్న ఈతలో 1.26 కిలోలు. సగటు కంటే ప్రమాదకరమైనది చెల్లాచెదురు: పెద్ద ఈతలో కిలో లోపు పిల్లల వాటా బాగా పెరుగుతుంది, వాటిలో చాలా చావులు మొదటి మూడు రోజుల్లోనే. ఈనడానికి పట్టే సమయం సాగుతుంది, చివర వచ్చేవి ప్రాణవాయువు అందక చచ్చి పుడతాయి. మొత్తం పుట్టినవాటికీ చచ్చి పుట్టినవాటికీ జన్యు సహసంబంధం ధనాత్మకం. అంటే మొదటిదాన్ని ఒంటరిగా పెంచితే రెండోదీ వెంటే పెరుగుతుంది.

డెన్మార్క్ పందుల ప్రజనన కార్యక్రమం 1990ల్లో మొత్తం పుట్టిన పిల్లల మీద ఎంపిక చేసి ఈ గోతిలో పడింది. 2004లో లక్షణాన్నే మార్చేసింది: ఐదో రోజున బతికున్న పిల్లల సంఖ్య. చావుల్లో ఎక్కువ భాగం ఆ లోపే జరుగుతాయి, ఆ రోజుకు లెక్కపెట్టడమూ సులువు. సంఖ్య, బతుకుదల రెండూ ఒకే అంకెలో ఇమిడిపోయాయి. చావుల శాతాన్ని విడిగా సూచికలో పెడితే 0.05 వంశపారంపర్యతతో పోరాడాలి. ఐదో రోజు లెక్క దాన్ని పరోక్షంగా లాక్కొస్తుంది. ఈ రంగంలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది, పెద్ద శాస్త్రం కాదు, ఏం కొలవాలో సరిగ్గా తేల్చుకోవడం.

చన్నుల లెక్క కూడా దీనితో ముడిపడ్డదే. 14 చన్నులున్న తల్లికి 17 పిల్లలు పుడితే ముగ్గురు ఎక్కడ తాగాలి? చన్నుల సంఖ్యకు వంశపారంపర్యత 0.3 దాకా ఉంది, పుట్టిన రోజునే, మగ పిల్లల్లో కూడా లెక్కపెట్టవచ్చు. ఇంత చవకైన లక్షణం ఇంకొకటి లేదు. 7వ క్రోమోజోమ్ మీది వీఆర్‌టీఎన్ జన్యువు ఇందులో స్పష్టమైన ప్రభావం చూపుతుంది. అదే జన్యువు వెన్నుపూసల సంఖ్యనూ పెంచుతుంది, ఒళ్లు పొడవైతే చన్నులకు చోటు దొరుకుతుంది. లెక్కపెట్టేటప్పుడు లోపలికి తిరిగినవి, పాలు రానివి వదిలేయాలి. తిరగబడ్డ చన్ను కూడా వారసత్వంగానే వస్తుంది.

ఒక్క జన్యువు మీద పెట్టుకున్న ఆశ

1996లో రాత్‌షిల్డ్ బృందం ఈస్ట్రోజెన్ గ్రాహక జన్యువులో ఒక తేడాను చూపించింది. సగం మీషాన్ రక్తమున్న వంశంలో రెండు హోమోజైగస్ రకాల (రెండు ప్రతులూ ఒకే రకంగా ఉన్నవాటి) మధ్య తొలి ఈతలో 2.3 పిల్లలు, అన్ని ఈతల సగటున 1.5 పిల్లల తేడా. వందలాది చిన్న జన్యువులు కలిసి నడుపుతాయనుకున్న లక్షణంలో ఒక్కదానికి ఇంత బలం! పరీక్ష అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాది లార్జ్ వైట్ వంశాల్లో చూస్తే ఒక్కో ప్రతికి తొలి ఈతలో 0.42 పిల్ల. ఇంకొన్ని మందల్లో ఏమీ లేదు, కొన్నిటిలో ఫలితం తిరగబడింది.

మోసమేమీ లేదు, కారణాలు రెండు. చదివిన గుర్తు అసలు కారణమైన మార్పు కాకపోవచ్చు, దాని పొరుగున ఉన్నది కావచ్చు. ఒక వంశంలో ఆ పొరుగు ‘మంచి’ రకంతో కలిసి ప్రయాణిస్తే, ఇంకో వంశంలో ‘చెడ్డ’ రకంతో కలిసి ఉంటుంది. రెండోది, చిన్న నమూనాల్లో ముందుగా కంటపడే ప్రభావం ఎప్పుడూ అసలుకంటే పెద్దగానే కనిపిస్తుంది, చిన్నగా కనిపించినవి గుర్తింపు గీత దాటలేవు గనుక. ప్రొలాక్టిన్ గ్రాహకం, రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ వంటి మరికొన్ని జన్యువుల కథా దాదాపు ఇంతే. సొంత వంశంలో పరీక్షించకుండా ఒక్క గుర్తు చూసి పంది కొనడం మంచి బేరం కాదు.

2014లో వచ్చిన ఇంకో ఫలితం మరింత ఆసక్తికరం. యూరప్ లార్జ్ వైట్ జినోమ్‌లో ఏహెచ్‌ఆర్ జన్యువు చుట్టూ ఆసియా పందుల నుంచి వచ్చిన ముక్క ఒకటి ఎంపికలో పైకి వచ్చి నిలిచింది, అది ఉన్న ఆడపందులకు ఈతలు పెద్దవి. 18, 19 శతాబ్దాల్లో ఓడల్లో తెచ్చి కలిపిన చైనా పందుల అవశేషం అది. మీషాన్‌ను తెప్పించుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే అదే సరుకు ఒకసారి చేరి, ఎవరికీ తెలియకుండా పని చేస్తూ ఉందన్నమాట.

కనిపించని లోపాలు

సంఖ్యను పెంచే పెద్ద జన్యువులు దొరకడం కష్టమైంది గానీ, తగ్గించేవి బాగానే దొరుకుతున్నాయి. ఒక లార్జ్ వైట్ వంశంలో బీబీఎస్9 జన్యువులో 2,12,000 బేస్‌ల పొడవున డీఎన్‌ఏ తెగిపోయి ఉందని 2018లో బయటపడింది. వంశంలో 10.8 శాతం జంతువులు దాని వాహకాలు, అంటే ఒక్క ప్రతిలో ఆ లోపం ఉన్నవి. రెండు ప్రతులూ అదే అయితే పిండం చూడి చివరి భాగంలో చనిపోయి మమ్మీగా వస్తుంది. ఇంత తరచుగా ఉండి ఇన్నాళ్లు ఎలా దాక్కుంది? లెక్క వేస్తే తెలుస్తుంది. వాహకం వాహకంతో జతకట్టే అవకాశం 0.108 గుణించు 0.108, అంటే 1.2 శాతం. అలాంటి ఈతలో పోయేది నాలుగో వంతు, 14లో మూడు నాలుగు. మంద మొత్తం సగటు మీద తగ్గుదల 0.3 శాతం. ఏ పుస్తకంలోనూ అది కంటపడదు. పైగా వాహకాలు కాస్త వేగంగా పెరుగుతాయి, అంటే ఎదుగుదల కోసం ఎంపిక చేసే చెయ్యే ఈ లోపాన్ని నిలబెట్టింది. దీన్ని పసిగట్టే పద్ధతి తెలివైనది. చిప్ సమాచారంలో తరచుగా కనిపించే ఒక హాప్లోటైప్ (కలిసి వారసత్వంగా వచ్చే గుర్తుల వరస) హోమోజైగస్ రూపంలో ఒక్క బతికిన జంతువులోనూ కనిపించకపోతే, ఆ లేకపోవడమే సాక్ష్యం. దొరికాక వాహకాలన్నిటినీ తీసేయనక్కర్లేదు, రెండు వాహకాలను జత కలపకుండా చూస్తే చాలు.

ఫిన్లాండ్ యార్క్‌షైర్ పందుల్లో తోక పొట్టిగా ఉండి కదల్లేని శుక్రకణాల లోపం ఇలాంటిదే. 16వ క్రోమోజోమ్ మీద కేపీఎల్2 జన్యువులోకి ఒక చొచ్చుకొచ్చిన డీఎన్‌ఏ ముక్క దానికి కారణం. రెండు ప్రతులున్న మగపంది గొడ్డుపోతుంది, ఆడపందికి ఏమీ కాదు. అదే క్రోమోజోమ్ భాగం ఆడపందుల్లో పెద్ద ఈతలతో ముడిపడి కనిపించింది, పక్కనే ప్రొలాక్టిన్ గ్రాహక జన్యువు ఉండటం అందుకు కారణం కావచ్చు. కూతుళ్ల కోసం ఎంపిక చేస్తూ కొడుకుల గొడ్డుతనాన్ని పెంచుకున్నారు.

మగపందుల్లో ఇంకో లోపం క్రోమోజోమ్ స్థాయిది. పందికి 38 క్రోమోజోమ్‌లు. రెండు వేర్వేరు క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకుంటే ఆ జంతువుకు జన్యు సరుకులో లోటు ఉండదు, ఆరోగ్యం, కామేచ్ఛ, వీర్యం కదలిక అన్నీ మామూలే. కానీ దాని శుక్రకణాల్లో సగం దాకా సరుకు సమతూకం తప్పుతుంది. అలాంటి పిండాలు మొదటి వారాల్లోనే కరిగిపోతాయి. ఫ్రాన్స్‌లో క్రమబద్ధంగా పరీక్షిస్తే ఆరోగ్యంగా కనిపించే పడుచు మగపందుల్లో సుమారు 200కి ఒకటి ఇలా తేలింది. సంతానం సగటున 40 శాతం దాకా తగ్గుతుంది. సూక్ష్మదర్శినిలో వీర్యం చూసి దీన్ని పట్టుకోలేరు. ఒకే వారంలో, ఒకే మందలో, మిగతా మగపందులకు 13 వస్తుంటే దీనికి వరసగా 7, 8 వస్తే అనుమానించాలి, రక్తంతో కారియోటైప్ (క్రోమోజోమ్‌ల పరీక్ష) చేయించాలి. ఒక్కసారి సేకరించిన వీర్యం 20కి పైగా మోతాదులవుతుంది కాబట్టి, అనుమానం వచ్చేలోపు జరిగే నష్టం చిన్నది కాదు. బతికి పుట్టిన పిల్లల్లోనూ దాదాపు సగం అదే లోపాన్ని మోస్తాయి.

సంకరం, దగ్గరి రక్తం

వంశపారంపర్యత తక్కువ ఉన్న లక్షణాల్లో సంకర తేజం (వేర్వేరు జాతులు కలిస్తే వచ్చే అదనపు బలం) ఎక్కువగా కనిపిస్తుంది. ల్యాండ్రేస్, లార్జ్ వైట్ కలిపిన తల్లి, శుద్ధ జాతుల సగటుతో పోలిస్తే 5 నుంచి 10 శాతం ఎక్కువ పిల్లలను పాలు మాన్పించే దాకా తెస్తుంది. ఆ తల్లిని డ్యూరాక్ లాంటి మూడో జాతి మగపందితో కలిపితే పిల్లల బతుకుదలలోనూ కొంత కలుస్తుంది. సంకర తల్లి కూతుర్నే మళ్లీ తల్లిగా ఉంచుకుంటూ పోతే ఈ లాభం ప్రతి తరానా పలచబడుతుంది. చాలా మందల్లో ‘మొదట బాగా పెట్టేవి, ఇప్పుడు తగ్గిపోయాయి’ అనే ఫిర్యాదు వెనక ఉన్నది తరచుగా ఇదే.

దగ్గరి రక్తం దీనికి అవతలి ముఖం. తల్లి అంతఃప్రజనన గుణకం (దగ్గరి రక్తం ఎంత కలిసిందో చెప్పే కొలత) 10 శాతం పెరిగితే ఈతకు 0.2 నుంచి 0.3 పిల్ల తగ్గుతుంది. తరానికి అది ఎంత పెరుగుతుందో చిటికెలో లెక్కించవచ్చు: మగపందుల సంఖ్యను 8తో గుణించి 1ని దానితో భాగించాలి, ఆడపందులకూ అలాగే చేసి రెండూ కూడాలి. 40 ఆడపందులకు 4 మగపందులుంటే 1/32కు 1/320 కలిపితే తరానికి 3.4 శాతం. మగపందులను 10కి పెంచితే 1.6 శాతం. ఆడపందులను 40 నుంచి 400కు పెంచి మగపందులను నాలుగే ఉంచితే 3.2 శాతం దగ్గరే ఆగిపోతుంది.